సముద్రము దాటి వచ్చు వాద్యము

వైశాఖమాసమున ద్వారకా తిరుమల క్షేత్రమునకు వెళ్ళినవారికి ఆ కొండ దిగువ వినవచ్చు నాదసందోహము గుర్తుండియే యుండును. భీమడోలు స్టేషనులో రైలు దిగి, దారిపొడవున తోటలను చూచుకొనుచు కొండ చేరునప్పటికి ఒక ప్రక్క సన్నాయి, డోలు. ఇంకొక ప్రక్క పెండ్లివారి బ్యాండు మేళము. వేరొక ప్రక్క చెక్కభజన. ఈ చిన్న తిరుపతిలో ఒకే విమానశిఖరము క్రింద స్వామి రెండు మూర్తులతో కొలువై యున్నారు. ఆ కారణముచేత వైశాఖమున ఒకమారు, ఆశ్వయుజమున ఒకమారు, ఏటికి రెండు కల్యాణోత్సవములు జరుగుచుండును. ఈ ప్రాంతపు భజన సమాజములకు ఏటికి రెండు పరీక్షలన్నమాట.

కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి వైశాఖ దినములలో, ధ్వనిముద్రణ నిమిత్తము, మేము అక్కడకు వెళ్ళియుంటిమి. కొల్లేటి వైపు గ్రామమునుండి వచ్చిన ఒక భజన సమాజమువారు పందిరి క్రింద విచారముగ కూర్చుండి యుండిరి. వారి నడుమ గుడ్డ కప్పిన పొడవైన పెట్టె యొకటి కలదు. సంగతి యేమని అడుగగా సమాజపు పెద్ద లేచి, "బాబుగారూ, పెట్టె అయితే వచ్చిందండి. పాటే రాలేదండి" అనెను.

ఆ పెట్టెలో నున్నది జపానులో తయారైన ఎలెక్ట్రానిక్ కీబోర్డు. చేపల చెరువులవారు, వరి రైతులు, చిల్లర దుకాణదారులు రెండేండ్లపాటు చందాలు వేసికొని కూడబెట్టిన ధనముతో, అంతర్జాలమున చూచి, విదేశములోని ఒక వర్తకునివద్ద కొనినారు. ఆ వర్తకుడు చెప్పిన వెల మన లెక్కలో 38,000 రూపాయలు. అది చౌక యని వారు సంతోషించిరి. తరువాత రవాణా ఖర్చు వచ్చెను. ఆ తరువాత దిగుమతి సుంకము, దానిపై పన్ను వచ్చెను. అది ఒకరు వాడిన పాత వాద్యమని తేలుటచేత మూడు వారములు నిలిచిపోయి, అపరాధపు సొమ్ము కూడ పడెను. గ్రామమునకు చేరుసరికి ఖర్చు 80,000 రూపాయలు దాటినది.

అంతటితో ముగిసిన బాగుండెడిది. ఆ వాద్యపు ప్లగ్గుకు రెండు బల్లపరుపు పుల్లలుండెను. మన సాకెట్టులో అవి పట్టవు. పెద్దగారి మేనల్లుడు, కీబోర్డు వాయించు యువకుడు, బజారులో ప్లగ్గు మార్చు చిన్న సాధనము నొకదానిని కొని తగిలించెను. స్విచ్చి వేయగనే దీపము వెలిగెను. నిమిషమైనను గడువకముందే కాలిన వాసన వచ్చి, దీపము ఆరిపోయెను. జపానులో ఇండ్లకు వచ్చు విద్యుత్తు 100 వోల్టులు. మనకు వచ్చునది 230 వోల్టులు. ప్లగ్గు ఆకారము మార్చినంత మాత్రమున వోల్టులు మారవు. వర్తకునికి వ్రాయగా, వెనుకకు పంపు ఖర్చు మీరే భరింపవలెను, కాల్చినది మీరే కనుక సొమ్ము తిరిగి ఈయము అని బదులు వచ్చినదట.

ఆ రాత్రి ఎవరి ఇంటి అటుకుమీదినుండియో పాత హార్మోనియము దింపి తెచ్చిరి. భజన ఆగలేదు. కాని ఆ యువకుడు తాళములు పట్టుకొని చివర కూర్చుండెను గాని తల యెత్తి పాడలేదు. ఊరివారి సొమ్ము తనచేతిలో కాలిపోయినదని అతని బాధ.

ఈ ప్రసంగమునకు ఆ యువకుడే కారణము. నేడు మన జిల్లాలలో అటువంటివారు పెక్కుమంది కలరు. పెండ్లి మేళములలో, నాటక సమాజములలో, చర్చి గాయకబృందములలో, ఇండ్లలో సంగీతము నేర్చుకొను బాలబాలికలలో ఎలెక్ట్రానిక్ వాద్యములపై ఆసక్తి మిక్కుటముగ నున్నది. చేతిలోని ఫోనునుండియే టోకియోలోని దుకాణమును, బెర్లినులోని దుకాణమును చూడగలుగుచున్నాము. మరి కొనవచ్చునా, కొనరాదా?

కొనరాదని చెప్పు ధైర్యము మాకు లేదు. విదేశీ వాద్యమును కాదనుట వలన కలుగు ఫలితమును రేడియోవారమైన మేమే చూచియున్నాము. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును తన స్టూడియోలనుండి బహిష్కరించినది. దాని స్వరములు స్థిరములు, గమకము పలుకదు, మన శ్రుతిభేదములకు లొంగదు అని ఆనాటి పెద్దల వాదము. ఆ వాదములో నిజము లేకపోలేదు. 1971లో ఆ నిషేధమును సడలించిరి. నడుమ గడచిన 31 ఏండ్లలో హార్మోనియము మన పల్లెలనుండి పోయినదా? పద్యనాటకములలో, హరికథలలో, భజనలలో అది మునుపటివలెనే మ్రోగుచుండెను. రేడియోలో మాత్రమే వినబడలేదు.

అంతకు పూర్వము వయొలిన్ కూడ సముద్రము దాటి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు ఐరోపీయునివద్ద దానిని అభ్యసించి మన సంగీతమునకు అలవాటు చేసెను. తరువాతి కాలమున విజయనగరమునుండి ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ వాద్యముపై చూపిన ప్రతిభను తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇక మన గోదావరి మండలమునకే వత్తము. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ తండ్రిగారి మాండలినును బాల్యముననే చేతపట్టెను. జంట తీగలుండు ఐరోపా వాద్యమును విడిచి, అయిదు ఒంటి తీగల ఎలెక్ట్రిక్ మాండలినుపై కర్ణాటక రాగములను గమకయుక్తముగ పలికించి, లోకమంతట ఆ వాద్యము పేరుతోనే ప్రసిద్ధి కెక్కెను. 2014లో, 45 ఏండ్ల వయసుననే, ఆయన మరణించినారు.

నేరుగ ఎలెక్ట్రానిక్ యంత్రముల సంగతియు నట్టిదే. 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థకు అమెరికానుండి మూగ్ సింథసైజరు వచ్చెను. గీతా సారాభాయి ప్రభృతుల ఆసక్తితో అక్కడ ఎలెక్ట్రానిక్ సంగీతపు స్టూడియో ఏర్పడినది. ఆ యంత్రమును నెలకొల్పుటకు డేవిడ్ ట్యూడర్ అను అమెరికను సంగీతవేత్త స్వయముగ వచ్చి, మనవారికి వాడుక నేర్పెను. పిమ్మట 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్, సింగపూరులో తాను కొని తెచ్చుకొన్న రోలాండ్ యంత్రములపై పది రాగములను వాయించి రికార్డు చేసెను. ఆనాడు ఎవ్వరును పట్టించుకొనని ఆ రికార్డును 2010లో ఐరోపాలో మరల ముద్రింపగా లోకము ఆశ్చర్యపడినది.

ఈ యుదాహరణము లన్నింటిలోను ఒక సమానధర్మము కలదు. ప్రతి వాద్యముతోడను ఒక మనుష్యుడున్నాడు. వయొలిన్‌తో గురువు వచ్చెను. మాండలిను తండ్రి చేతినుండి వచ్చెను. మూగ్ యంత్రముతో ట్యూడర్ వచ్చెను. చరణ్‌జిత్ సింగ్ తానే వెళ్ళి తెచ్చుకొనెను. నేడు పార్సెలులో వాద్యము ఒంటరిగ వచ్చుచున్నది. దానితో ఏ మనుష్యుడును రాడు. ఆ మనుష్యుడు చెప్పవలసిన మాటలను, సొమ్ము పంపక పూర్వమే, కొనువాడు తానే అడిగి తెలిసికొనవలెను. అడుగదగిన ప్రశ్నలు కొన్ని మనవి చేయుదుము.

మొదటిది విద్యుత్తు. వాద్యము వెనుక భాగమున గాని, అడాప్టరుపై గాని ఒక చీటీ యుండును. దాని ఛాయాచిత్రమును పంపుమని వర్తకుని కోరవలెను. "100 నుండి 240 వోల్టులు" అని యున్న భయము లేదు. ప్లగ్గు మార్చుకొనిన చాలును. "100" అని మాత్రమున్న అది జపాను దేశపు వాడుకకు, "120" అని మాత్రమున్న అమెరికా వాడుకకు చేసినది. అట్టి దానికి వోల్టులను తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు, వాద్యము తీసికొను శక్తికంటె హెచ్చు సామర్థ్యము గలది, తప్పనిసరి. అమెరికాలోని కుమారుడో కుమార్తెయో ప్రేమతో తెచ్చిన వాద్యమునకు కూడ ఈ పరీక్ష చేయవలసినదే. అడాప్టరు వేరుగ కొనువారు వోల్టులతో పాటు, పిన్ను మధ్యభాగము ధనమో ఋణమో కూడ చూడవలెను. ఉత్సవపు పందిళ్ళలో మరియొక ప్రమాదము కలదు. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తీగ ఊడిపోయిన యెడల 230 ఉండవలసిన చోట 400 వోల్టుల దాక రావచ్చును. మంచి స్టెబిలైజరు లేకుండ వాద్యమును జనరేటరుకు తగిలింపరాదు.

రెండవది, అదే వాద్యము మన దేశమున దొరకునా యను ప్రశ్న. పెక్కు గ్యారంటీలు కొన్న దేశమునకే పరిమితములు. అంతేకాక, ప్రసిద్ధ సంస్థలు కొన్ని మన దేశముకొరకు ప్రత్యేకముగ వాద్యములు చేయుచున్నవి. యమహావారి పి.ఎస్.ఆర్. ఐ శ్రేణి కీబోర్డులలో తబలా, ఢోలక్, తంబురా వంటి ధ్వనులు, మన తాళములకు సరిపడు లయలు కూర్చియున్నవి. పేరు దాదాపు ఒకటియే యైనను విదేశములలో అమ్ము రకములో అవి ఉండకపోవచ్చును. ఇంటిలో శ్రుతికొరకే కావలసినవారికి విదేశము చూడనక్కరయే లేదు. బెంగుళూరులో రాజ్‌నారాయణ్ గారు 1979 ప్రాంతమున ఎలెక్ట్రానిక్ తంబురాను రూపొందించినది మొదలు, అట్టి శ్రుతిపెట్టెలు మన దేశముననే తయారగుచున్నవి.

మూడవది పూర్తి వెల. సుంకమును వాద్యపు వెలపై మాత్రమే గాక, రవాణా, బీమా కలిపిన మొత్తముపై లెక్కకట్టుదురు. సుంకము కలిసిన మొత్తముపై మరల పన్ను వేయుదురు. లెక్క తెలియుటకు ఒక ఉదాహరణ చెప్పెదము. వాద్యము 40,000, రవాణా బీమాలు 8,000 అనుకొందము, మొత్తము 48,000. సుంకము నూటికి 20 వంతున 9,600 అనుకొన్నచో 57,600 అగును. దానిపై నూటికి 18 వంతున పన్ను 10,368. వెరసి 67,968 రూపాయలు. కొరియరు సంస్థ తన రుసుమును వేరుగ తీసికొనును. ఇవి లెక్క కొరకు ఊహించిన రేట్లు మాత్రమే. అసలు రేట్లు బడ్జెటు బడ్జెటుకు మారుచుండును గనుక, కొనునాటి రేటును విచారించి తెలిసికొనవలెను.

ఈ సందర్భమున మరి రెండు హెచ్చరికలు. వాడిన వస్తువుల దిగుమతిపై మన వాణిజ్య విధానములో ఆంక్షలు కలవు. పలు తరగతుల వస్తువులకు ముందుగ అనుమతి పత్రము కావలెను. పాత వాద్యము చౌకగ కనిపించుట సహజమే గాని, ఆ చౌక రేవులోనే కరగిపోవచ్చును. రెండవది, "కానుక యని వ్రాసి పంపెదము, తక్కువ వెల చూపెదము" అని కొందరు వర్తకులు ఆశ పెట్టుదురు. తపాలా, కొరియరుల ద్వారా వచ్చు కానుకలకు పూర్వముండిన సుంకపు మినహాయింపును, రాఖీలు, ప్రాణరక్షక ఔషధముల వంటివి తప్ప, 2019 డిసెంబరులో తొలగించిరి. అబద్ధపు వెల వ్రాయించుట నేరము. పైగా త్రోవలో వాద్యము విరిగిన, బీమావారు వ్రాసిన వెలకే బాధ్యులగుదురు.

నాలుగవది సొమ్ము నడచు త్రోవ. పేరున్న విక్రయవేదికపై చూచిన వస్తువుకు, దాని వెలుపల నేరుగ బ్యాంకు ఖాతాకు సొమ్ము పంపుమని వర్తకుడు కోరిన యెడల అక్కడితో ఆగిపోవలెను. వేదిక యిచ్చు రక్షణ వెలుపలి చెల్లింపునకు వర్తింపదు. అటులనే, "మీ పార్సెలు విమానాశ్రయములో పట్టుబడినది, ఈ ఖాతాకు వెంటనే పంపుడు" అని ఫోనులు వచ్చుచుండును. సుంకాధికారులెవ్వరును సొంత ఖాతాలకు సొమ్ము వేయుమనరు. 2019 నవంబరునుండి సుంకశాఖ పంపు ఉత్తరువులపై ఒక గుర్తింపు సంఖ్య ఉండవలెనని నియమము కలదు. మోసపోతిమని తెలిసిన తక్షణము 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము చేజారును. పార్సెలు వచ్చినప్పుడు విప్పుట మొదలు స్విచ్చి వేయువరకు ఫోనుతో చిత్రము తీసియుంచుట మంచిది. తగవు వచ్చినప్పుడు అదియే సాక్ష్యము.

అయిదవది శ్రుతి. వోల్టుల విషయము మెకానిక్కు చెప్పగలడు. ఇది సంగీతము తెలిసినవారే చూడవలెను. కీబోర్డు స్థాయిని 12 సమభాగములుగ విభజించును. స్థాయిని 1,200 సూక్ష్మభాగములుగ లెక్కించినచో, తంబురాలో తనంత తానై పలుకు అంతర గాంధారము 386వ భాగమున నుండగా, కీబోర్డు గాంధారము 400వ భాగమున నుండును. చెవి యున్నవారికి ఆ తేడా తెలియును. కావున ఒక్కొక్క స్వరమును హెచ్చుతగ్గులు చేసికొను ఏర్పాటు కలదా, శ్రుతిని కొద్దికొద్దిగ జరిపి సన్నాయితో కలుపుకొనవచ్చునా, స్వరమును జార్చుటకు ఎడమ ప్రక్క చక్రమున్నదా అని అడుగవలెను. 1940లో పెద్దలు హార్మోనియముపై మోపిన నేరమునకు ఈ యంత్రములలో కొంత సమాధానము కలదు. ఆ సమాధానమున్న యంత్రమునే ఏరుకొనుట మన పని.

చివరిది మరమ్మతు. కొల్లేటి గాలిలో తేమ హెచ్చు. మెట్టల క్రింద రబ్బరు పొరలు, లోహపు స్పర్శలు ఆ తేమకు త్వరగ చెడును. వాద్యమును గుడ్డ కప్పి, పెట్టెలో తేమ పీల్చు సంచులు వేసి భద్రపరుపవలెను. ఏది కొనదలచినను, దగ్గరి పట్టణమున దానిని విప్పి చూడగల మెకానిక్కును ముందుగ కలిసి, భాగములు దొరకునా అని అడుగుడు. ఆయన పెదవి విరిచిన వాద్యమును కొనకుండుటయే మేలు.

ఆ యువకుని సంగతి చెప్పి ముగింతుము. మేము తిరిగి వచ్చుచు, ఏలూరులో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేయు ఒక పాత మెకానిక్కు ఉనికి అతనికి చెప్పి వచ్చితిమి. మామ, మేనల్లుడు కలిసి పెట్టెను అక్కడకు మోసికొనిపోయిరి. ఆయన విప్పి చూడగా లోపలి ట్రాన్స్‌ఫార్మరు, ఫ్యూజు కాలినవే గాని, స్వరములు పుట్టించు ప్రధానపు బోర్డు చెడలేదు. ఆ వాద్యపు సాంకేతిక పుస్తకమును యువకుడు అంతర్జాలమున వెదకి పట్టెను. అందులోని అంకెల ప్రకారము, 230 వోల్టులకు సరిపడు ట్రాన్స్‌ఫార్మరును ఆ మెకానిక్కు చుట్టించి అమర్చెను.

ఆశ్వయుజ కల్యాణోత్సవమునకు మరల కొండకు వెళ్ళినప్పుడు ఆ పందిరిలోనే వారు కనబడిరి. కీబోర్డు పలుకుచుండెను. దాని ప్రక్కనే పాత హార్మోనియము కూడ నుండెను. దానిని మరల అటుకెక్కింపలేదు. కీబోర్డు వెనుక తెల్లకాగితముపై యువకుని చేవ్రాతతో "230 వోల్టులు మాత్రమే" అని అంటించియుండెను. పెద్దగారు మమ్ము చూచి దగ్గరకు వచ్చి, "బాబుగారూ, పక్క ఊరివాళ్ళు కూడా ఒకటి తెప్పించుకుందామని మా వాణ్ణి సలహా అడిగారండి. వాడేమో నాలుగు పేజీల ప్రశ్నలు రాసిచ్చాడండి" అనెను.

ఆ రాత్రి అతడు తల యెత్తి పాడుట మేము విన్నాము.